పదిమందికి ఒక్క ఎల్‌ఎంజీ

2022లో వచ్చిన ‘కేజీఎఫ్’ రెండో భాగంలో హీరో మెషిన్‌గన్‌తో పోలీస్ స్టేషన్‌ను తూట్లు పొడుస్తాడు. ఎర్రగా కాలిన గొట్టంతో సిగరెట్ ముట్టిస్తాడు. థియేటర్లో ఈలలు పడ్డాయి. నిజమైన సైనికుడు అలా కాలిస్తే మాత్రం తిట్లు తింటాడు. గొట్టం అంతగా కాలిందంటే గురి చెడుతుంది, తూటాలూ దండగే.

ఈ తేడా కోలారు జిల్లావాళ్లకు తెలియాల్సిన అవసరం ఉంది. కేజీఎఫ్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక వేలమంది బతుకు బెంగళూరు రైళ్లపై ఆధారపడింది. బంగారుపేట, ముల్బాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు ఇళ్లలో సైన్యం కొలువంటే ఇప్పటికీ ఆశే. పదాతి దళంలో ఆయుధం మారితే ఆ బరువు మోసేది ఇలాంటి ఊళ్ల పిల్లలే.

తల ఎత్తనివ్వకుండా...

పదాతి దళంలో చిన్న జట్టును సెక్షన్ అంటారు. హవల్దార్ నాయకత్వంలో పదిమంది ఉంటారు. మిగతావాళ్ల దగ్గర రైఫిళ్లుంటే, జట్టు మొత్తానికి తేలికపాటి మెషిన్‌గన్, అంటే ఎల్‌ఎంజీ, ఒక్కటే. ఎక్కువమందిని చంపడం దాని అసలు పని కాదు. శత్రువును తల ఎత్తనివ్వకుండా చేయడం. ఆ కాసేపట్లో మిగతావాళ్లు ముందుకు పరుగెత్తుతారు. మూడు నుంచి ఐదు తూటాల చొప్పున ఆగి ఆగి కాల్చాలి. పక్కనుండే రెండో మనిషి తూటాలు అందిస్తాడు, గురి చూసి చెబుతాడు. తుపాకీ ఆగిందంటే పరుగెత్తేవాళ్లకు దిక్కుండదు.

కొన్నది బాగుంది, కానీ...

పాత ఇన్‌శాస్ ఎల్‌ఎంజీది 5.56 మి.మీ. తూటా. ముప్పై తూటాల మ్యాగజైన్ కొన్ని క్షణాల్లో ఖాళీ. అందుకే 2020 మార్చిలో రక్షణ శాఖ రూ.880 కోట్లతో 16,479 నెగెవ్ ఎన్‌జీ-7 తుపాకులకు ఇజ్రాయెల్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది నుంచి అవి రావడం మొదలైంది. వీటిది 7.62 మి.మీ. తూటా. దూరం పోతుంది, దెబ్బా గట్టిదే. బెల్టుతో కాల్చొచ్చు కాబట్టి మాటిమాటికీ ఆగక్కర్లేదు.

చిక్కల్లా మోతలో ఉంది. పాత తూటా సుమారు 12 గ్రాములు, కొత్తది దానికి రెట్టింపు. అయిదొందల తూటాలంటే ఆరు కిలోలకు బదులు పన్నెండు కిలోలు. తుపాకీ బరువు వేరే. కొండలెక్కాల్సిన చోట ఇది చిన్న మాట కాదు.

ఇంకో సంగతి. 2021 డిసెంబరులో ఒప్పందం కుదిరి, అమేథీ జిల్లా కోర్వాలో తయారవుతున్న ఏకే-203 రైఫిల్ కూడా 7.62 మి.మీ.దే. కానీ దాని తూటా గూడు 39 మి.మీ., నెగెవ్‌ది 51 మి.మీ. పేరు ఒక్కటే, తూటా వేరు. ఇన్‌శాస్ రోజుల్లో రైఫిల్‌కీ ఎల్‌ఎంజీకీ ఒకే తూటా. అవసరమైతే పక్కవాడి దగ్గర తీసుకునే వీలుండేది. ఏకే-203లు పట్టిన సెక్షన్‌లో నెగెవ్ ఉంటే ఆ వీలు లేదు. ఎల్‌ఎంజీకి కావాల్సిన తూటాలు ముందే లెక్కగట్టి జట్టులో తలాకొంత మోయాల్సిందే.

నాలుగేళ్లలో చేయి కుదిరేనా?

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత నాలుగో వంతు వరకే కొనసాగే అవకాశం. తుపాకీ పట్టడం నెలల్లో వస్తుంది. ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు ఆపాలి, గొట్టం ఎప్పుడు మార్చాలి అన్నది మాత్రం సీనియర్ పక్కన పడుకుని నేర్చుకోవాలి. యువ సైన్యం కావాలన్న వాదనలో బలం ఉంది. కొండమీద పన్నెండు కిలోలు మోయడానికి కుర్రాళ్లే కావాలి. అయితే చేయి కుదిరిన ఎల్‌ఎంజీ సైనికుణ్ని నాలుగేళ్లకే ఇంటికి పంపితే ఆ అనుభవం అతనితోనే పోతుంది. కొనసాగించేవారిని ఎంచేటప్పుడు ఈ నైపుణ్యానికి విలువ ఇవ్వాలి.

కేజీఎఫ్‌లో బెమెల్ ఉంది, భారీ యంత్రాలు తయారవుతాయి. తుపాకులు తయారుకావు. ఈ జిల్లా నుంచి సైన్యానికి వెళ్లేది ముఖ్యంగా మనుషులే. తుపాకుల లెక్క చెప్పే ప్రభుత్వం తూటాల లెక్క, శిక్షణ రోజుల లెక్క కూడా చెప్పాలని ఆ ఇళ్లవాళ్లు అడగడం న్యాయమే.