అది ప్రేమలేఖ కాదు, రాజీనామా లేఖ!

మొన్న మా పిన్ని కూతురి పెళ్లి రిసెప్షన్. కొత్త జంట స్టేజీ ఎక్కుతుంటే డీజే ఓ ఇంగ్లిష్ పాట వేశాడు. విట్నీ హ్యూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. పక్కనే ఉన్న మా తమ్ముడు, ‘ఎంత రొమాంటిక్ పాటో కదక్కా!’ అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే అది పెళ్లి పాట కాదు, విడిపోతూ పాడే పాట. ఇంకా చెప్పాలంటే, ఓ అమ్మాయి ఉద్యోగం మానేస్తూ తన బాస్‌కి చెప్పిన వీడ్కోలు.

ఆ అమ్మాయి పేరు డాలీ పార్టన్. అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో కొండల మధ్య పేద ఇంట్లో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో ఒకరు. 1964లో హైస్కూల్ చదువు అయిపోగానే, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ బస్సెక్కేసింది. మూడేళ్లకి పోర్టర్ వాగనర్ అనే పెద్ద గాయకుడు తన టీవీ షోలోకి తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి పాడిన పాటలు వరసగా హిట్టయ్యాయి. డాలీని ఇంటింటికీ తెలిసేలా చేసింది ఆ షోనే.

కానీ డాలీకి సొంతంగా ఎదగాలని ఉంది. ఐదేళ్లుంటానని వచ్చింది, ఆ గడువు దాటిపోయింది. వెళ్తానంటే పోర్టర్ ఒప్పుకోడు. రోజూ వాదన, రోజూ గొడవ. మాటలతో చెబితే వినడం లేదని ఒకరోజు ఇంటికెళ్లి పాట రాసింది. మర్నాడు అతని ఆఫీసుకెళ్లి, కూర్చోబెట్టి, గిటార్ మీద పాడి వినిపించింది. అందులో నింద లేదు, సంజాయిషీ లేదు. నువ్వు బాగుండాలి, నేను మాత్రం వెళ్లాలి. అంతే! పోర్టర్ ఏడ్చేశాడట. నువ్వు రాసినవాటిలో ఇదే మంచి పాట, దీన్ని నేనే ప్రొడ్యూస్ చేస్తానంటే వెళ్లు అన్నాడని డాలీ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. 1973లో రికార్డయిన ఆ పాట, 1974లో కంట్రీ చార్టుల్లో నంబర్ వన్ అయింది.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ పాట ఎల్విస్ ప్రెస్లీకి నచ్చింది. ఎల్విస్ అంటే అప్పట్లో దేవుడు! డాలీ అందరికీ చెప్పేసుకుంది. తీరా రికార్డింగ్ ముందు రోజు ఎల్విస్ మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ ఫోన్. పాట పబ్లిషింగ్ హక్కుల్లో సగం ఇస్తేనే ఎల్విస్ పాడతాడన్నాడు.

పబ్లిషింగ్ హక్కంటే ఏంటంటే... పాటని ఎవరు పాడినా, ఎక్కడ మోగినా, రాసినవాళ్ల వైపు వచ్చే డబ్బు. గాయకులు మారొచ్చు, ఆ హక్కు మాత్రం పాటతోనే ఉంటుంది. డాలీ కుదరదంది. ఆ రాత్రంతా ఏడ్చింది. పిచ్చిదానిలా వదులుకుందని చాలామంది అనుకుని ఉంటారు.

1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడింది. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 14 వారాలు నంబర్ వన్! కారులో వెళ్తూ రేడియోలో మొదటిసారి విన్నప్పుడు, యాక్సిడెంట్ చేస్తానేమోనని బండి పక్కకి ఆపేసిందట డాలీ. ఆ పాట మోగిన ప్రతిసారీ రాసినామెకి వాటా వెళ్లింది. ఆ రోజు ఎల్విస్ పేరు చూసి సంతకం పెట్టుంటే సగం పోయేది.

మన దగ్గర సినిమా పాటలు రాసేవాళ్లు చాలా ఏళ్లు ఇలాంటి సంతకాలే పెట్టారు. ఒక్కసారి డబ్బు తీసుకుంటే అంతే సంగతులు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాకే, సినిమా హాలు బయట పాట వాడినప్పుడు రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీ వాటా వదులుకోలేని హక్కయింది. రీల్స్‌కి పాటలు చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

ఇంతకీ పోర్టర్ ఏమయ్యాడు? 1979లో డాలీ మీదే కోర్టుకెళ్లాడు. కేసు బయటే రాజీ అయింది. తర్వాత మెల్లగా కలిసిపోయారు. 2007లో పోర్టర్ గ్రాండ్ ఓల్ ఓప్రీ సభ్యుడై యాభై ఏళ్లయిన వేడుకలో, డాలీ అతని ముందే ఆ పాట పాడింది. కొన్ని నెలలకే అతను పోయాడు.

ఇదంతా రాస్తుంటే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. నేను మానేసింది రెండు లైన్ల మెయిల్‌తో. మా సార్ ముఖం చూసే ధైర్యం లేక, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు బ్యాగ్ సర్దుకుని వచ్చేశా. వాక్యం చిన్నగా రాయమని, హెడ్డింగ్ చివర్లో పెట్టమని నేర్పింది ఆయనే.

నిన్న రాత్రి ఫోన్ చేశా. పేరు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ‘ఆ రోజు చెప్పకుండా వచ్చేశాను సార్, సారీ’ అన్నాను. ‘అది సరేగానీ, ఇప్పుడేం రాస్తున్నావమ్మా?’ అన్నారు. ఈ కథంతా చెప్పాను.

మొత్తం విని, ‘హెడ్డింగ్ ఏం పెట్టావ్?’ అన్నారు.

ఇంకా పెట్టలేదన్నాను. పైన ఉన్నది ఆయన పెట్టిందే.