నూటికి మూడున్నర వడ్డీ, పైన రెండొందల పాయింట్లు

ఈ మధ్య మదనపల్లె పక్క అంగళ్లు ఊళ్లో టీ బంకుల దగ్గర కుర్రాళ్ల మాటలు వింటుంటే ఒళ్లు మండుతోంది. సినిమాలో, క్రికెట్టో అయితే నా దారిన నేను పోయేవాణ్ని. ఇప్పుడు పొద్దస్తమానం కార్డుల గోలే. దేనికి ఎన్ని పాయింట్లు, దేనికి ఎయిర్‌పోర్టు లాంజి ఉచితం, ఏ బ్యాంకు కార్డు గీకితే ఫోను మీద ఎంత తగ్గుతుంది! అందరూ ఇక్కడి మిట్స్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగాల్లో చేరి ఏడాది తిరగని పిల్లలే. మొదటి కార్డు మీద మెరుపైనా పోలేదు, రెండోది ఏది తీసుకోవాలన్న చర్చ మొదలైంది. మా మేనల్లుడిదీ అదే బాపతు. "మామా, సిబిల్ స్కోరు 760 వచ్చింది. ఈసారి మంచి రివార్డు కార్డు ఒకటి కొట్టాలి, ఏది మేలంటావ్?" అని మొన్న ఫోను చేశాడు.

వాడికి కావలసింది లాంజి ఉన్న కార్డట. ఒరే అబ్బాయ్, నువ్వు పండక్కి ఇంటికొచ్చేది చింతామణి మీదుగా బస్సులో. సీటు దొరక్కపోతే మదనపల్లె దాకా నిలబడే వస్తావు. విమానం ఎక్కేది ఎన్నడో, ఆ లాంజిలో ఇడ్లీ తినేది ఎన్నడో! అందుకోసం ఇప్పటినుంచే ఏటా రెండు మూడు వేలు ఫీజు కడతావా? పైగా ఆ లాంజి కూడా ఊరికే రాదు. మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టినవాళ్లకే తలుపు తీస్తామని బ్యాంకులు చాలా కార్డులకు షరతు పెట్టేశాయి. ఇడ్లీ కోసం ఖర్చు, ఆ ఖర్చు కోసం మరో కార్డు.

నాకు కోపం తెప్పించేది లాంజి కాదు, వడ్డీ లెక్క. మన పల్లెల్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ ధర్మం, రెండు రూపాయలు మామూలు. మూడు రూపాయలంటే ఇచ్చేవాడు కడుపుకు అన్నమే తింటున్నాడా అని అడుగుతాం. మామూలు క్రెడిట్ కార్డు మీద బాకీ మిగిలితే నెలకు మూడున్నర శాతం, కొన్నిటికి మూడుముప్పావు. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఊళ్లో ఎవడైనా ఈ లెక్కన అప్పిస్తే జలగ అని పేరు పెడతాం. అదే వడ్డీని నిగనిగలాడే ప్లాస్టిక్ ముక్క మీద అచ్చేసి ఇస్తే, స్నేహితులకు చూపించుకుని మురిసిపోతున్నాం.

దీనికో పగ్గం ఉండేది, కాగితం మీదైనా. క్రెడిట్ కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ గుంజడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు పోయాయి. పదహారేళ్లు నలిగాక 2024 డిసెంబరు 20న కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వడ్డీ ఎంతుండాలో చూసుకోవడం రిజర్వు బ్యాంకు పని, కమిషన్ పని కాదంది. చట్టం అలాగే ఉంటే ఉండొచ్చు. రిజర్వు బ్యాంకేమో మితిమీరిన వడ్డీ వద్దని బ్యాంకులకు హితవు చెబుతుందే గానీ, ఇంతకు మించకూడదని అంకె వెయ్యదు. అంకె లేని హితవు ఎవడికి కావాలి?

ఇక పాయింట్ల సంగతి. నెలకు 20 వేలు కార్డు మీద ఖర్చు పెట్టే కుర్రాడికి, నూటికి రూపాయి చొప్పున తిరిగొచ్చిందనుకుందాం. నెలకు 200, ఏడాదికి 2,400. బాగుంది. ఒక్క నెల, ఒకే ఒక్క నెల, ఆ 20 వేలు కట్టలేక బాకీ పెట్టాడు. మూడున్నర చొప్పున వడ్డీ 700, దాని మీద జీఎస్టీ 126. మొత్తం 826. నాలుగు నెలల పాయింట్లు ఒక్క వాయిదాకు స్వాహా. గడువు దాటితే పడే ఆలస్య రుసుము వేరే. కొంత కట్టి కొంత మిగిల్చినా వడ్డీ లేని గడువు ఎగిరిపోతుంది, ఆ తర్వాత కొన్న సామానుకు కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. బిల్లులో "కనీస మొత్తం" అని ఒక చిన్న అంకె కనిపిస్తుంది చూడండి, ఐదు శాతమో ఎంతో. అది కడితే చాలన్నట్టు ఉంటుంది. చాలేది బ్యాంకుకు, మనకు కాదు. అది కడితే ఎగవేతదారు అన్న మచ్చ పడదు, అంతవరకే. బాకీ కదలదు, వడ్డీ ఆగదు.

పోనీ ఆ పాయింట్లయినా నిలకడగా ఉంటాయా? పాయింటు విలువ ఎంతో చెప్పేది బ్యాంకే, రేపు దాన్ని తగ్గించేదీ బ్యాంకే. ఇంటద్దె కార్డు మీద కడితే పాయింట్లు అని ఆశపెట్టిన బ్యాంకులు 2024 నాటికి ఒకదాని వెనక ఒకటి వాటిని ఎత్తేశాయి. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు లాంటివాటికి కోతలు, పరిమితులు పెట్టాయి. గడువు తీరితే పాయింట్లు మురిగిపోతాయి. వాటిని డబ్బుగా మార్చుకోవాలంటే కొన్ని బ్యాంకులు దానికీ వంద రూపాయల రుసుము అంటాయి. కూలి డబ్బులు ఇలా ఇష్టమొచ్చినట్టు తగ్గిస్తే కూలోళ్లు మరుసటి రోజు పనిలోకి రారు. పాయింట్లు తగ్గిస్తే మన చదువుకున్న పిల్లలు ఇంకో బ్యాంకు కార్డుకు దరఖాస్తు పెడతారు!

ఇంతకీ ఆ పాయింట్ల డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? బాకీ పెట్టినవాడి వడ్డీలోంచి కొంత, సామాను అమ్మిన అంగడివాడి దగ్గర కోసుకున్న కమీషనులోంచి కొంత. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించుకునే వీలొచ్చింది. చిన్న అంగళ్లలో రెండువేల లోపు బేరానికి కోత లేదన్నారు, సంతోషం. అంతకు మించిన బిల్లుకు కోత ఉంటుంది. పుంగనూరులో చీరలో, సిమెంటో అమ్ముకునే మనిషి నూటికి రెండు మిగిలితే గొప్ప అనుకునే బేరంలో, అందులోంచి ఒక ముక్క పోతుంది. మనకొచ్చే పాయింటు ఆ ముక్కే. ఇక అంగడివాడితో మాట్లాడుకుని, సామాను కొన్నట్టు కార్డు గీకి, నూటికి రెండో మూడో ఇచ్చి నగదు తెచ్చుకునేవాళ్లున్నారు. వాళ్లకు పాయింట్లూ వస్తాయి, చివరికి ఇంటి మీదికి మనుషులూ వస్తారు.

ఇంత తిట్టాక కూడా మేనల్లుడి ప్రశ్నకు జవాబు బాకీ ఉంది కాబట్టి చెబుతాను. రెండో కార్డు ఇప్పుడొద్దు. స్కోరు కార్డుల సంఖ్యను బట్టి పెరగదు. ప్రతి నెలా గడువులోపు పూర్తిగా కట్టడం, పరిమితిలో మూడో వంతుకు లోపే వాడటం, మొదటి కార్డును ఏళ్ల తరబడి నిలుపుకోవడం, వీటితో పెరుగుతుంది. నాలుగు బ్యాంకులకు ఒకే నెలలో దరఖాస్తు పెడితే నాలుగు విచారణలూ రికార్డుకెక్కి స్కోరు కిందికి వస్తుంది. పాత కార్డును మూసేసి కొత్తది తెచ్చుకుంటే చరిత్ర వయసు తగ్గుతుంది. అసలు చరిత్రే లేనివాడైతే పదో పదిహేనో వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని పూచీ మీద కార్డు తీసుకోవడం మర్యాదైన దారి. ఏడాదికొకసారి సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సంస్థలూ మన నివేదికను ఊరికే ఇవ్వాలి, 2017 నుంచి ఆ నియమం ఉంది. తెప్పించుకుని చూసుకోవాలి. తప్పుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిదిద్దకపోతే రోజుకు వంద చొప్పున పరిహారం అడిగే హక్కుంది. ఏడాదిన్నర, రెండేళ్లు ఇలా గడిపాక కార్డు కావాలనిపిస్తే ఫీజు లేనిది, పాయింట్లు కాకుండా నేరుగా బిల్లులోంచి డబ్బు తగ్గించేది, మదనపల్లెలో బ్రాంచి ఉన్న బ్యాంకుది చూసుకో. పేచీ వస్తే పోయి గట్టిగా అడగడానికి ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి ఉండాలి.

మనిషి అన్నాను కాబట్టి ఈ మాటా చెప్పాలి. క్రెడిట్ కార్డు మనకు బెంగళూరు నుంచి వచ్చిన వింత కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డు తెచ్చింది. దేశంలో ఆ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో అదొకటి. అప్పుడు సిబిల్ లేదు, అది పుట్టిందే 2000లో. మనిషి ఎలాంటివాడో, వాళ్ల నాయన ఎలాంటివాడో, పోయినేడు పంట అప్పు ఎప్పుడు కట్టాడో మేనేజరుకు తెలిసేది. అందులో పక్షపాతం ఉంది, కులం ఉంది, పలుకుబడి ఉంది, కాదనను. కానీ తలుపు తట్టి వాదించుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పుడు 300 నుంచి 900 దాకా ఒక అంకె మాట్లాడుతుంది, అంకెతో ఎవడు వాదిస్తాడు?

ఆ అంకెకు మా పక్క మనుషులు కనబడరన్నదే అసలు బాధ. ఇదే అంగళ్లులో టమోటా రైతును తీసుకోండి. నారు, మందులు, కట్టెలు, డ్రిప్పు పైపు, అన్నిటికీ మండీలో అడ్వాన్సు తీసుకుంటాడు. పంట అదే మండీకి తోలతాడు. కమీషను పోతుంది, జాక్‌పాట్ పేరుతో బాక్సులు పోతాయి, మిగిలినదాంట్లో అడ్వాన్సు తెగ్గోసుకుని చీటీ చేతిలో పెడతారు. ఇరవై ఏళ్లుగా సీజను తప్పకుండా తీసుకుని, సీజను తప్పకుండా తీర్చిన రైతులున్నారు. 2023 జూలైలో కిలో 200 అంచులకు పోయినప్పుడూ తీర్చారు, ఆ తర్వాత రెండు నెలలకే ధర పాతాళానికి పడినప్పుడూ నగలు కుదవపెట్టి తీర్చారు. అంత చరిత్ర ఎక్కడుంది? మండీ చీటీల్లో, ఎర్ర అట్ట పుస్తకాల్లో. సిబిల్ దృష్టిలో ఆ రైతు అప్పుడే పుట్టిన బిడ్డ, చరిత్ర లేనివాడు. ఆరు నెలలు ఆన్‌లైన్లో బిర్యానీ తెప్పించుకున్న మా మేనల్లుడు మాత్రం 760 ఉన్న పెద్దమనిషి!

కౌలు రైతుదైతే మరీ అన్యాయం. ఆయనకూ ఒక కార్డుంది. 2011లో రుణ అర్హత కార్డు అన్నారు. 2019 చట్టంతో దాన్ని పంట సాగుదారు హక్కు పత్రంగా మార్చారు. పదకొండు నెలలకు చెల్లుతుంది, దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. ఒకవేళ ఆయన పెట్టినా, ఆ భూమి మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకువాళ్లు తల అడ్డంగా తిప్పుతారు. పట్టా ఉన్న రైతుకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద, సకాలంలో కడితే నాలుగు శాతానికే పంట రుణం దొరుకుతుంది. దున్నేది కౌలుదారు, నాలుగు శాతం అప్పు పట్టాదారుకు. కౌలుదారు మండీకి పోవాలి, లేదంటే బంగారం కుదువ పెట్టాలి. ఒకే జిల్లాలో ఒక కార్డు వద్దన్నా ఫోను చేసి అంటగడతారు, ఇంకో కార్డు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినా పైసా రాలదు.

గ్రామీణుల కోసం, స్వయం సహాయక సంఘాల మహిళల కోసం "గ్రామీణ్ క్రెడిట్ స్కోర్" తెస్తామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. మొదటిసారి అప్పు అడిగేవాడిని స్కోరు లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదన్న నియమం ఉందని అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటుకూ చెప్పారు. మంచి మాటలే. కుప్పం పక్క పల్లెలో డ్వాక్రా సంఘం పెట్టి, నెలనెలా పొదుపు కట్టి, తీసుకున్నది తీర్చిన అక్కచెల్లెళ్లకు ఆ మాటలు ఎవరు చేరవేస్తారు? కార్డు అమ్మడానికైతే పిల్లలకు టై కట్టి ఊరూరికీ పంపుతారు. ఈ నియమం చెప్పడానికి ఒక్కడినీ పంపరేం?

నాకు రెండే కోరికలు. కార్డు బిల్లు మొదటి వరుసలో, పాయింట్ల కంటే పెద్ద అక్షరాలతో, "నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ" అని తెలుగులో అచ్చేయాలి. మండీ అడ్వాన్సు తీర్చిన రైతుకు మార్కెట్ యార్డు ముద్ర వేసి చీటీ ఇవ్వాలి, దాన్ని బ్యాంకు చరిత్రగా ఒప్పుకోవాలి. మొదటిది చేస్తే సగం మంది కుర్రాళ్లు రెండో కార్డు మాట మరిచిపోతారు. రెండోది చేస్తే మండీ యజమానులకు కోపం వస్తుంది. రానివ్వండి.