సముద్రపు నీటినుండి మంచినీరు: మన గ్రామములకు ఏ మార్గము తగును?

తీరప్రాంత గ్రామములలో నీటికి కొదువ లేదు. త్రాగుటకు పనికివచ్చు నీటికే కొదువ. బావిలో ఉప్పు దిగినచో పొలముకంటె ముందు ఇంటి కడవ చెడును. కావున సముద్రపు నీటిని మంచినీరుగా మార్చు యంత్రమును సహకార సంఘము నెలకొల్పవలెనని సభ్యులు కోరుట సమంజసమే. ఏ యంత్రమన్నదే ప్రశ్న.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుండును. ఆర్.ఓ. పద్ధతిలో ఆ నీటిని గొప్ప ఒత్తిడితో సన్నని పొరగుండ త్రోయుదురు. 2010లో చెన్నపట్టణము చెంత మీంజూరున దినమునకు 10 కోట్ల లీటర్ల కర్మాగారము ఈ పద్ధతిమీదనే వెలసినది. నగరమునకది తగును. వేయి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు, పొరల మార్పిడి, నేర్పరియైన పనివాడు, ఇవి చిన్న గ్రామమునకు ఎంతకాలము అందును?

లక్షద్వీపములలోని కవరత్తిలో 2005లో వేఱొక యుక్తి పన్నిరి. పైనున్న వెచ్చని సముద్రజలమును గాలి తీసిన గదిలోనికి పంపిన, మంట లేకయే కొంత ఆవిరియగును. సుమారు 350 మీటర్ల లోతునుండి తోడిన చల్లని నీటితో ఆ యావిరిని చల్లార్చిన మంచినీరగును. దినమునకు లక్ష లీటర్ల కర్మాగారమది. మిక్కిలి మెచ్చదగినదే. కాని ఆ ద్వీపమునకు ఒడ్డుచెంతనే అగాధమున్నది. మన తీరమున చాలచోట్ల అంత లోతునకు ఎన్నో మైళ్లు పోవలెను.

మనకు దండిగా ఉన్నది ఎండ. నలుపు పూసిన తొట్టిలో ఉప్పునీరు పోసి ఏటవాలుగా గాజుపలక మూసిన, ఆవిరి గాజులోపల బొట్లుగా పట్టి ప్రక్క గాడిలోనికి జారును. చిలీ దేశమున లాస్ సాలినాస్ గనులచెంత 1872లోనే ఇట్టి తొట్లతో ఉప్పుబావుల నీటినుండి దినమునకు 20 వేల లీటర్లకు పైగా మంచినీరు తీసిరి. అయితే లెక్క దాచరాదు. మంచి ఎండలో చదరపు మీటరుకు అటునిటుగా మూడు లీటర్లే వచ్చును. ఐదుగురి కుటుంబమునకు త్రాగుటకు 15 లీటర్లన్న, ఐదు చదరపు మీటర్ల గాజు కావలెను. పశువులకు, స్నానమునకు ఈ నీటిని ఆశింపరాదు. గాజు తుడువనిచో ఈ పాటియు రాదు (ప్రదర్శనమునాడు మెఱసి మఱునెలలో దుమ్ముపట్టిన పరికరములను రైతులు చాల చూచియున్నారు).

ఇక ఎవరును అడుగని సంగతి యొకటి. ఏ యంత్రమును ఉప్పును మాయము చేయదు, వేఱు చేయును. ఆర్.ఓ. యంత్రములో పోసిన సముద్రపు నీటిలో సగమునకు పైగా మఱింత ఉప్పనై బయటపడును. దానిని పంటకాలువలోనికి వదలిన, ఒకరి కడవ నింపుటకై మఱొకరి మడి చవుడగును. నౌపడ, చినగంజాము వంటి ఉప్పుకొఠారులున్న చోట్ల ఆ నీటిని ఉప్పుమళ్లకు మళ్లింపవచ్చును. చిక్కని నీరు వారికి లాభమే. అట్టి యేర్పాటు కాగితముమీద వ్రాసి, సభలో ఒప్పుదల పొందిన పిమ్మటనే సంఘము పెద్ద యంత్రమునకు రూపాయి వెచ్చింపవలెనని నా యభిప్రాయము. ఈలోపల బడియావరణములో గాజుతొట్టి యొకటి కట్టించి, వేసవి యంతయు దినదినము వచ్చిన నీటిని కొలిపించి, ఆ లెక్కను సంఘపు పుస్తకములో వ్రాయించుడు.