సైకిలు సామాను పెట్టెలపై గుర్తులు

సైకిలు విడిభాగాల అట్టపెట్టెలపై కనిపించే రంగులను, బొమ్మలను కేవలం అలంకారాలుగా భావించడం మనకు అలవాటు. నా దృష్టిలో అవి భాషకు సంబంధించిన విషయం. సురంగల్ నుండి మొయినాబాదుకో, చేవెళ్లకో సైకిలుపై వచ్చే విద్యార్థి బండిని బాగుచేసే పనివాడు తెలుగో, ఉర్దూయో చదువగలడు. ఒక్కొక్కప్పుడు ఏదీ చదువలేడు. పెట్టెపై అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. ఇక అతనికి మిగిలిన ఆధారం రంగూ, గుర్తూ. అవి అతనికి చెప్పేది తయారీదారు ఎవరన్నది మాత్రమే. బి.ఎస్.ఎ. గుర్తునే చూడండి: ఒకదానికొకటి ఆనించి నిలిపిన మూడు తుపాకులు. ఆ సంస్థ బర్మింగ్‌హామ్‌లో ఆయుధాలు తయారుచేసిన కాలపు చిహ్నమది. సరుకు ఎవరిదో దానివల్ల తెలుస్తుంది గాని, లోపలి వస్తువు కొలత తెలియదు.

కొలత తప్పితే కలిగే నష్టం పనివారికి తెలుసు. ముందు చక్రపు హబ్బులో సాధారణంగా వాడే బాల్స్ 3/16 అంగుళంవి, వెనుక చక్రానివి 1/4 అంగుళంవి. భేదం అంగుళంలో పదహారో వంతు! ఎడమ పెడలు మర ఎడమచుట్టు, కుడి పెడలు మర కుడిచుట్టు. ఒకదాని చోట మరొకటి బలవంతాన బిగిస్తే క్రాంకు మర చెడుతుంది; ఆ ఖర్చు విద్యార్థి తండ్రి భరించవలసిందే. వీటిని వేరుచేసేవి ఎల్, ఆర్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు.

విచిత్రమేమంటే, బండిపై రంగుకు క్రమశిక్షణ ఉన్నది. ముందు తెల్లని రిఫ్లెక్టరు, వెనుక ఎర్రనిది, పెడళ్లకు పసుపుపచ్చనివి. పెట్టె దగ్గరకు వచ్చేసరికి ఎవరి ఇష్టం వారిది.

ఇది మార్చరానిదని కమిటీ పెద్దలు అనరాదు. మన కూరగాయల రైతులు వాడే పురుగుమందు డబ్బాలపై విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులను 1971 నాటి నియమావళి తప్పనిసరి చేసింది. మిక్కిలి విషపూరితమైన వాటిపై పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉండాలి. పుర్రెను ఎవరూ వివరించనక్కరలేదు. పసుపు కంటె ఎరుపు ప్రమాదకరమని మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. రంగు తనంతట తాను మాట్లాడదు.

పైగా ఎరుపు, ఆకుపచ్చల భేదం గ్రహింపలేనివారు కూడా మన మధ్య కలరు. ఆహార పొట్లాలపై మాంసాహారాన్ని సూచించే గోధుమరంగు చుక్కను 2020 నాటి నిబంధనలు త్రికోణంగా మార్చాయి. రంగు పోల్చలేనివాడు ఆకారాన్ని పోల్చగలడు. పెడలు పెట్టెపై సైతం ఎడమకొక ఆకారం, కుడికొక ఆకారం ఉండాలి. బాల్స్ పొట్లంపై కొలత పెద్ద అంకెలలోను, వస్తువు పేరు తెలుగులోను, ఉర్దూలోను ఉండాలి.

విద్యార్థి మిత్రులు ఈ సెలవులలో తమ ఊరి పనివారిని అడిగి, ఏ పెట్టెను వారు ఏ గుర్తుతో పోల్చుకుంటున్నారో, ఎక్కడ పొరబడుతున్నారో వ్రాసి తేవలెను. ఆ పట్టికను తయారీదారులకు పంపే తపాలా ఖర్చు కమిటీవారు భరింపవచ్చును.