లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే...

ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరికీ ఈ విన్నపం.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగిసి, గుండె వేగం పెంచుకుని ఆ లోటు సర్దుకుంటాయి. వయసు మీదపడ్డవారిలో, ఏళ్ల తరబడి షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవారిలో ఈ సర్దుబాటు మందగిస్తుంది. బీపీ పడిపోతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. రాత్రి ఒంటికని లేచిన తాతయ్య బాత్రూం గుమ్మంలో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడంటే, కారణం చాలాసార్లు ఇదే. మనం మాత్రం 'కాలు జారింది' అంటాం, నేల పొడిగా ఉన్నా సరే!

లో బీపీ అనగానే ఉప్పేసిన మజ్జిగ, అదీ కాకపోతే వీధి చివర సెలైన్ బాటిల్. కారణం ఎవరూ అడగరు. 90/60 కన్నా తగ్గితే లో బీపీ అంటారు, నిజమే. ఎప్పుడూ ఆ దరిదాపుల్లోనే ఉంటూ చలాకీగా తిరిగే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్లకు ఏ వైద్యమూ అక్కర్లేదు. రోజూ 150 ఉండే మనిషికి ఉన్నట్టుండి 100కి దిగితే మాత్రం ఆరా తీయాల్సిందే. ఎండకు ఒంట్లో నీరు తగ్గిందా? విరేచనాలా? తారులా నల్లగా విరేచనమైతే కడుపులో రక్తం పోతుండవచ్చు. డెంగీలోనైతే జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే ప్రమాదం.

ఈ ఆదివారం అమ్మానాన్నల మందుల డబ్బా ముందేసుకుని కూర్చోండి. ఇద్దరు డాక్టర్లు రాసిన ఒకే బీపీ మందు వేర్వేరు పేర్లతో అందులో ఉండొచ్చు. నీరు దించే మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు కూడా బీపీని తగ్గిస్తాయి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే ఆ అంకెలు, డబ్బా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి అడగకుండా ఉప్పు నీళ్లు పట్టకండి.

పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. చల్లటి చెమటలు, పొంతనలేని మాటలు, ఛాతీ నొప్పి... వీటిలో ఏది కనిపించినా మజ్జిగ కలుపుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.