తొలి ట్రయల్స్ బండి: ముందు ఆహిస్తా నేర్చుకో బేటా



పోయిన జుమా రోజు గుంటూరు నుంచి మా భాయ్‌జాన్ కొడుకు ఫోన్ చేశాడు. "చాచా, మీరు అక్కడ తోలే సీటు లేని బండ్ల వీడియోలు చూశాను. గోడంత రాయి మీదికి ఎక్కించేస్తున్నారు! నాకూ నేర్చుకోవాలని షౌక్‌గా ఉంది. అబ్బాకి చెప్పకుండా మంచి పవర్ ఉన్న బండి ఒకటి కొనిపెట్టండి" అన్నాడు.

వాడికి ఇరవై ఏళ్లు. సరిగ్గా ఆ ఉమర్‌లోనే వాడి అబ్బా దోస్తులతో పందెం కట్టి విజయవాడ రోడ్డు మీద ఆర్ఎక్స్ 100 తోలాడు. మలుపులో ఇసుక కనపడేసరికి బెదిరిపోయి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడు. ఆర్నెల్లు మంచం మీదున్నాడు. ఇప్పటికీ కుడికాలు ఈడుస్తూనే దుకాణానికి వెళ్తాడు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో అమ్మీ కూర్చున్న తీరు నేను మర్చిపోలేదు. అందుకే పిల్లాడికి ఫోన్‌లో హా అనలేదు, నహీ అనలేదు. ఆలోచించి చెప్తా అన్నాను. ఇదే ఆ జవాబు. వాడికే కాదు, ఈ షౌక్ పట్టిన ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

నేనుండేది ఇంగ్లండులో, బ్రాడ్‌ఫర్డ్‌లో. ఊరు దాటితే యార్క్‌షైర్ కొండలు, వాగులు, బురద, పాచి పట్టిన రాళ్లు. ట్రయల్స్ ఈ నేల ఆట. ఇక్కడి స్కాట్ ట్రయల్ 1914లో మొదలైంది. చాలామంది ఇదేదో రేసు అనుకుంటారు. కాదు. మామూలు ట్రయల్‌లో ఎవరు ముందొచ్చారని ఎవరూ అడగరు. వాగులోనో, రాళ్లలోనో, చెట్ల మధ్యనో ఒక చిన్న దారికి గుర్తులు పెడతారు. కుడివైపు ఎర్ర గుర్తు, ఎడమవైపు నీలం. దాన్ని సెక్షన్ అంటారు. అందులో కాలు కింద పెట్టకుండా బయటపడితే సున్నా. ఒకసారి పెడితే ఒకటి, రెండుసార్లకి రెండు, మూడు లేదా ఆపైన ఎన్నిసార్లు పెట్టినా మూడు. పడిపోయినా, హద్దు దాటినా ఐదు. ఆఖర్లో హిసాబ్ చేస్తే ఎవరి లెక్క తక్కువో వాళ్లే గెలిచినట్టు. జిందగీలో మనం ఆడిన ఆటలన్నిట్లో ఎక్కువ తెచ్చుకోవాలి, ఇందులో తక్కువ తెచ్చుకోవాలి. తేడా అక్కడే మొదలవుతుంది.

ఇక నా రాయ్ చెప్తా. మొదటి ట్రయల్స్ బండి నీ తాకత్ చూపించేది కాకూడదు, నీ గల్తీలను మాఫ్ చేసేది కావాలి. కొన్నాక మొదటి మూడు నెలలు దాన్ని రాళ్ల దగ్గరికి తీసుకెళ్లకూడదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సబక్. నేను మొదట కొన్నది 300 సీసీ. "చిన్నది కొంటే ఏడాదిలో అమ్మేస్తావు, ఒకేసారి పెద్దది కొనుక్కో" అని నలుగురు చెప్పారు. వినడానికి అక్కల్‌గానే ఉంది. కానీ ట్రయల్స్ బండి మొత్తం డెబ్బై కిలోల చిల్లర. మన బుల్లెట్ బరువులో సగం కూడా లేదు. అంత తేలికైన బండికి అంత ఇంజన్ ఉంటే, భయంతో చెయ్యి ఒక్క పిసరు తిరిగినా చాలు, ముందు చక్రం ఆస్మాన్ చూస్తుంది. రెండో వారమే అది నా మీద పడింది. దెబ్బ పెద్దది కాదు, భయం పెద్దది. ఆ తర్వాత ప్రతి రాయి ముందూ నా చేతులు బిగుసుకుపోయేవి. భయపడే చేతికి ఏ హునరూ అంటదు. నష్టానికి అమ్మేసి, పాత 250 కొన్నాను. పొరుగున ఉండే పెద్దాయన ఒకరు దానికి యాక్సిలరేటర్ నెమ్మదిగా తెరుచుకునే గొట్టం వేసిచ్చారు. కొన్ని బండ్లకు ఫ్లైవీల్ మీద అదనపు బరువు కూడా బిగిస్తారు, ఇంజన్ అదరకుండా మెత్తగా పలుకుతుంది. సన్నగా ఉన్న కుర్రాళ్లకైతే 125 కూడా బాగానే సరిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ తీసుకునేటప్పుడు మెరుపు చూసి మోసపోవద్దు. ఈ బండ్లన్నీ పడతాయి, గీతలుంటాయి, దాని ఫికర్ వద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కిక్ కొట్టి చూడు. ముందే వేడి చేసి పెట్టారంటే ఎందుకో అడుగు. వెనక చక్రం పట్టుకుని పక్కలకి ఊపు, కటకటమంటే బేరింగులు పోయినట్టు. ఫుట్‌రెస్టుల దగ్గర ఫ్రేమ్ చీలిందేమో, ఇంజన్ కింది రేకు మరీ లోపలికి నొక్కుకుపోయిందేమో వంగి చూడు. నీళ్లతో చల్లబడే ఇంజనైతే కాసేపు నిలబెట్టి ఉంచు, ఫ్యాన్ దానంతటది తిరగాలి. నడకంత వేగంతో పోయే బండికి గాలి తగలదు కాబట్టి ఆ ఫ్యానే దాని ప్రాణం. ఫ్రేమ్ నంబరు కాగితాల్లో ఉన్నదీ బండి మీద ఉన్నదీ ఒకటేనా చూడకుండా పైసా ఇవ్వొద్దు, చోరీ మాల్ చాలా తిరుగుతుంది.

మిగిలిన డబ్బు హెల్మెట్‌కీ, చీలమండ దాటి పైకొచ్చే బూట్లకీ. మణికట్టుకి తాడు కట్టుకుని, నువ్వు పడగానే ఇంజన్ ఆగిపోయే స్విచ్చి తప్పనిసరి. టైర్లలో గాలి వెనక నాలుగైదు పిఎస్ఐ, ముందు ఐదారు. రోడ్డు బండి అలవాటున్నవాడు దాన్ని చూసి పంక్చర్ అనుకుంటాడు. ఆ మెత్తటి టైరే రాయిని అరచేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

ఆ తర్వాత చదునైన గడ్డి నేల. నాలుగు రాళ్లు పెట్టుకుని వాటి చుట్టూ ఎనిమిది అంకె వేస్తూ తిరగడం. హ్యాండిల్ పూర్తిగా తిప్పేసి, ఒక వేలు క్లచ్ మీద, ఒక వేలు బ్రేకు మీద, నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి. మలుపులో బండి లోపలికి వాలితే నీ ఒళ్లు బయటివైపు ఉండాలి. చూపు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి. ఎంత నిదానంగా వీలైతే అంత నిదానంగా. వినడానికి బోర్ అనిపిస్తుంది. చేసి చూడు, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. రఫ్తార్‌లో బండి తనంతట తనే నిలబడుతుంది బేటా. ఆపినంత నిదానంలో దాన్ని నిలబెట్టేది నువ్వే.

"ఇంత సబర్ ఎవరికుంది చాచా, కుర్రతనం ఊరుకోదు కదా" అంటావు. నేను ఎదురు అడుగుతా. టోనీ బౌ అనే స్పెయిన్ ఆయన 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడూ వదలకుండా ప్రపంచ ట్రయల్ ఛాంపియన్ అయ్యాడు. ఆయన పెద్ద గుట్టలు ఎక్కే వీడియోలే నీకు కనిపిస్తాయి. ఎక్కే ముందు బండిని కదలకుండా నిలబెట్టి, ఊపిరి పీల్చుకుని, దారి చూసుకునే ఆ రెండు సెకన్లు కూడా చూడు. ఆ రెండు సెకన్ల వెనకే ఏళ్ల మెహనత్ ఉంది.

ఇంకో మాట. బండి కొనకముందే ఒక ఆదివారం ఏదైనా క్లబ్బు ట్రయల్‌లో లెక్క రాయడానికి వెళ్లాలి. ఇక్కడ క్లబ్బులకి అలాంటి చేతులు ఎప్పుడూ కావాలి, అడిగితే ఖుషీగా ఒప్పుకుంటారు. వానలో ఒకే సెక్షన్ దగ్గర నిలబడి, అరవై దాటినవాళ్లూ, పదేళ్ల పిల్లలూ అదే రాయి మీద ఎట్లా వెళ్తున్నారో చూస్తే, పుస్తకాలు చెప్పనిది తెలుస్తుంది. నేను అట్లా వెళ్లింది బండి కొన్నాకే. ముందే వెళ్లుంటే ఆ 300 జోలికి పోయేవాణ్ణి కాదు. కొండ కనపడింది కదా అని ఎక్కడపడితే అక్కడ తోలడం కూడా ఇక్కడ కుదరదు. నేల యజమాని ఇజాజత్ లేకుండా తోలితే నేరం. క్లబ్బు ఉంటేనే ఆట ఉంటుంది.

ఇప్పుడు నీ సంగతి బేటా. మన ఊళ్లో షోరూముకి వెళ్లి ట్రయల్స్ బండి కావాలంటే దొరకదు. కానీ ఆ ఆట మనకి మరీ పరాయిది కాదు. మన వీధుల్లో తిరిగే బుల్లెట్ ఉంది చూశావా, ఇంగ్లండులో తయారైన దాని అన్నతోనే జానీ బ్రిటన్ 1952లోనూ, 1957లోనూ స్కాట్లండ్ ఆరు రోజుల ట్రయల్ గెలిచాడు. మనం ఆ బండిలో చప్పుడు ఉంచుకుని, నిదానం వదిలేశాం.

నేను పవర్ బండికి డబ్బు పంపను. హెల్మెట్‌కీ, బూట్లకీ పంపుతా. ఇంట్లో ఉన్న వంద సీసీ బండి చాలు. ఫజర్ తర్వాత ఖాళీగా ఉన్న ఏదైనా మైదానం అడిగి తీసుకో. నాలుగు ఇటుకలు పెట్టుకుని ఎనిమిది అంకె వెయ్యి. రాళ్ల జోలికి మాత్రం పోవద్దు, ఆ బండి అందుకు కాదు. కాలు కింద పెట్టకుండా యాభై చుట్లు వెయ్యగలిగిన రోజు ఫోన్ చెయ్యి, టికెట్ నేను కొంటా. ఇక్కడ నా 250 మీద నువ్వే ఎక్కుదువు.

ఒక్క షర్తు. అబ్బాకి చెప్పకుండా అన్నావే, అది కుదరదు. భాయ్‌జాన్‌ని కూడా మైదానానికి తీసుకెళ్లు. కుర్చీ వేసి కూర్చోబెట్టు. నువ్వు ఎన్నిసార్లు కాలు పెట్టావో లెక్క రాసే పని ఆయనది. బండి ఎక్కడ జారుతుందో మన ఇంట్లో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

ఖుదా హాఫిజ్.