వారియర్ సగటు మనిషి కాదు

“వారియర్ వీక్‌గా ఉన్నాడు, కాస్త చూడండి” అని ఒక ఆటగాడు రాస్తే అతనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. తోటి ఆటగాళ్ళిచ్చేది: ముందు ఆడటం నేర్చుకో. ఆట తయారుచేసినవాళ్ళిచ్చేది: మా లెక్కల ప్రకారం అన్ని క్లాసులూ బాగానే ఉన్నాయి. మొదటిది వెక్కిరింత, దాన్ని వదిలేద్దాం. రెండోది మర్యాదగా వినిపిస్తుంది. ఆ మర్యాద వల్లే ఎవరూ దాన్ని నిలదీయరు. నా గొడవ దానితోనే.

సాహిత్యం మాట్లాడుకునే చోట ఈ ఆటల గోల ఏంటని అడిగేవాళ్ళుంటారు. ఒక నవల బాలేదని మనం ఎంత రాసినా ఆ నవల మారదు, అచ్చయిపోయింది. ఆన్‌లైన్ ఆట అలా కాదు. విమర్శ విని, వచ్చే ప్యాచ్‌లో తనని తాను దిద్దుకోగలదు. అందుకే ఆటగాడి ఫీడ్‌బ్యాక్‌ని నేను విమర్శ కిందే లెక్కేస్తాను. పుస్తకం మీద విమర్శ వస్తే “కాపీలు బాగానే అమ్ముడుపోయాయి” అనడం జవాబు కాదని మనందరికీ తెలుసు. “సగటు బాగానే ఉంది” అనడమూ అలాంటిదే.

ఎందుకో చెప్పడానికి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చాలు. 2004 నవంబరులో అమెరికాలో విడుదలైనప్పుడు అందులో తొమ్మిది క్లాసులుండేవి. మేజ్ పోరాటానికి వచ్చేటప్పుడే మానా నిండుగా తెచ్చుకుంటాడు. వారియర్ దాదాపు ఖాళీ చేతులతో వస్తాడు. అతని బలం పేరు రేజ్, అంటే కోపం. కొడితే పెరుగుతుంది, దెబ్బ తిన్నా పెరుగుతుంది, పోరాటం ఆగితే మెల్లగా కారిపోతుంది. ఒక పాత్ర స్వభావాన్ని తెర మీద ఒక ఎర్ర గీతతో చెప్పేశారు. నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

కానీ అందులో ఒక మెలిక ఉంది. తొలి రోజుల్లో ఎంత గట్టిగా కొడితే అంత రేజ్ వచ్చేది. గట్టిగా కొట్టాలంటే మంచి కత్తి కావాలి. మంచి కత్తి ఉన్నవాడికి దెబ్బా పెద్దదే, తర్వాతి దెబ్బకి కావలసిన రేజూ ఎక్కువే. లేనివాడికి రెండూ తక్కువే. డబ్బు డబ్బుని సంపాదిస్తుంది అంటారే, అదే లెక్క.

ఇప్పుడు ఈ ఇద్దరికీ సగటు తీయండి. ఒకడి డ్యామేజ్ 300, ఇంకొకడిది 100 అనుకుందాం. సగటు 200. మేజ్‌ది కూడా 200 అనుకుంటే, ఇంకేం, బ్యాలన్స్ కుదిరిపోయింది! కానీ ఆ 200 కొట్టే వారియర్ ఆట మొత్తం వెతికినా కనబడడు.

ఇది కాగితం మీద ఊహ మాత్రమే అనుకోకండి. 2019 ఆగస్టులో బ్లిజార్డ్ ఆ పాత ఆటనే క్లాసిక్ పేరుతో మళ్ళీ తెచ్చింది. 2006 నాటి 1.12 ప్యాచ్ దానికి ఆధారం. అప్పట్లో చాలా గిల్డ్‌లలో వారియర్ అంటే ముందు నిలబడి దెబ్బలు కాచుకునే ట్యాంక్. క్లాసిక్‌కి వచ్చేసరికి అదే వారియర్ ఫ్యూరీ పద్ధతిలో రెండు చేతులా ఆయుధాలు పట్టి డ్యామేజ్ పట్టికల్లో పైకెక్కి కూర్చున్నాడు. క్లాసు అదే, నియమాలూ దాదాపు అవే. మారిందల్లా చుట్టూ ఉన్నది. ఏళ్ళ తరబడి ఆటగాళ్ళు పోగేసిన తెలివి, ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుందో ముందే తెలిసిన గిల్డ్‌లు, రెయిడ్‌కి ముందు తిరిగి తిరిగి తెచ్చుకునే వరల్డ్ బఫ్‌లు, 40 మంది గుంపులో అతన్ని చావనివ్వని హీలర్లు. ఇవన్నీ ఉన్న వారియర్ మహారాజు. ఇవేవీ లేకుండా అడవిలో ఒంటరిగా తిరిగే వారియర్, అదే సర్వర్‌లో, పోరాటానికీ పోరాటానికీ మధ్య కింద కూర్చుని రొట్టె తింటూ ప్రాణం నింపుకునేవాడు. వారియర్ స్ట్రాంగా వీకా అని అడిగితే నా ఎదురు ప్రశ్న ఒకటే: ఏ వారియర్?

బ్లిజార్డ్‌కి ఈ సంగతి తెలియదని నేననను. 2007 జనవరిలో ది బర్నింగ్ క్రుసేడ్ రావడానికి ముందు ఇచ్చిన ప్యాచ్‌లో రేజ్ లెక్కని మార్చి, దాని మీద ఆయుధ బలానికున్న పట్టు తగ్గించారు. ఆ మార్పుకి రేజ్ నార్మలైజేషన్ అని పేరు. మా రాంనగర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న అశోక్ నగర్‌లో ఈ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. కోచింగ్ సెంటర్ల మధ్య టీ తాగుతున్న ఎవర్నడిగినా చెప్తారు. పరీక్ష చాలా షిఫ్టుల్లో పెడితే ఒకరికి కష్టమైన పేపరొస్తుంది, ఇంకొకరికి తేలికది. ఆ తేడాని లెక్కతో సరిచేయడమే నార్మలైజేషన్. ఎప్‌సెట్‌లో చేసేది అదే. ఆ లెక్క అక్కర్లేదని నేననడం లేదు. కాకపోతే అది పేపరు కష్టాన్ని సరిచేస్తుంది గానీ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకనివాడికి కుర్చీ వేయదు. ఆటలోనూ అంతే. రేజ్‌ని సరిచేశారు. మంచి సామాను ఎవరికి దొరుకుతుంది, వెనక హీలర్ ఎవరికుంటాడు అన్నవి ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంకో తేడా ఉంది, అది మన ఊళ్ళో కూర్చుని ఆడేవాళ్ళకే తెలుస్తుంది. వార్‌క్రాఫ్ట్‌కి ఇండియాలో సర్వర్ లేదు. నేను రాంనగర్ నుంచి యూరప్ సర్వర్‌లో ఆడతాను. సుమారు 7,000 కిలోమీటర్ల దూరం. ఫైబర్ కేబుల్‌లో వెలుగు సెకనుకి రమారమి 2,00,000 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, కేబుల్ తిన్నగా వేసినా పోయి రావడానికి 70 మిల్లీసెకన్లు పడుతుంది. అసలు కేబుళ్ళు తిన్నగా ఉండవు. నాకు మామూలుగా 150 దాకా వస్తుంది. ఆటలో మనిషి మామూలుగా పరుగెత్తే వేగం సెకనుకి 7 గజాలు. అంటే నా దెబ్బ సర్వర్‌కి చేరి కబురు తిరిగొచ్చేలోగా శత్రువు ఒక గజం జరిగిపోతాడు. వారియర్ కత్తి అందేదే 5 గజాలు, అందులో ఐదో వంతు పోయింది. 30 గజాల నుంచి మంచు విసిరే మేజ్‌కి అదే గజం ముప్ఫయ్యో వంతు. ఒకే ఆలస్యం, ఒకడికి చీమకుట్టినట్టు, ఇంకొకడికి కాలు విరిగినట్టు. సర్వర్ పక్కనే ఉండి ఆడేవాళ్ళ సంఖ్య ఎక్కువ కాబట్టి, సగటు తీసేసరికి ఈ విరిగిన కాలు కనబడదు.

దీనికి తయారీదారులు చెప్పే సమాధానం ఒకటుంది, అది బలమైనదే. బలహీనమైన వారియర్‌ని చూసి అంకెలు పెంచితే, రెయిడ్‌లో ఉన్న మహారాజు రాక్షసుడైపోతాడు. నిజమే. కానీ అంకెలు పెంచమని అడిగిందెవరు? ఫిర్యాదు సరిగ్గా చదివితే అందులో ఉన్నది పరాధీనత. కత్తి లేకపోతే కోపం రాదు, హీలర్ లేకపోతే ప్రాణం నిలవదు, దూరం తగ్గకపోతే దెబ్బ తగలదు. మందు అక్కడ వేయాలి. వేయొచ్చని వాళ్ళే నిరూపించారు కూడా. తర్వాతి ఏళ్ళలో విక్టరీ రష్ అనే దెబ్బకి ప్రాణం తిరిగిచ్చే గుణం చేర్చారు. శత్రువుని చంపిన వెంటనే అది వాడితే కొంత ప్రాణం తిరిగొస్తుంది. ఒంటరిగా తిరిగేవాడికి అడుగడుగునా పనికొస్తుంది. పెద్ద బాస్‌తో నిమిషాల తరబడి కొట్టుకునేవాడికి దాని వల్ల ఒరిగేది తక్కువ. రాక్షసుడూ పుట్టలేదు, రొట్టె ముక్కల బాధా తగ్గింది. సగటు పట్టిక చూస్తూ కూర్చుంటే ఇలాంటి మార్పు తట్టదు. ఒంటరివాడు రాసింది చదివితే తడుతుంది.

అలాగని ఆటగాళ్ళని వదిలేయను. “వారియర్‌ని బఫ్ చేయండి ప్లీజ్” అనేది విమర్శ కాదు, మొక్కుబడి దండం. ఏ లెవెల్లో ఉన్నావు, చేతిలో ఏముంది, పింగ్ ఎంత, ఒంటరిగా ఉన్నావా గుంపులోనా, ఏం చేద్దామనుకున్నావు, ఏం జరిగింది, ఇవన్నీ రాయాలి. పద్యం ఎక్కడ కుంటిందో చూపించకుండా కవిత బాలేదంటే మనం ఊరుకుంటామా?

తయారీదారుల్ని అడగాల్సింది కూడా ఇంతే. లెక్కలు చూపించడం మానొద్దు, వాటిని విడదీసి చూపించండి. మంచి సామాను ఉన్నవాళ్ళని ఒక వరసలో, లేనివాళ్ళని ఒక వరసలో పెట్టండి. దగ్గరనుంచి ఆడేవాళ్ళనీ దూరంనుంచి ఆడేవాళ్ళనీ వేరు చేయండి. గుంపుల్నీ ఒంటరివాళ్ళనీ కలపొద్దు. ఆ పని చేశాక కూడా వారియర్ బాగానే ఉన్నాడని తేలితే నోరు మూసుకుని ఆడుకుంటాను. అప్పటిదాకా “అన్ని క్లాసులూ బాగానే ఉన్నాయి” అన్న ప్రతిసారీ, ఎవరి వారియర్ అని అడుగుతూనే ఉంటాను.